విస్పందనం: గాలిలోనా, చెవిలోనా?

భీమవరం నుంచి ఒక సభ్యుడు:
మా అమ్మాయి ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకంలో ‘విస్పందనాలు’ అన్న మాట చూశాను. స్పందన తెలుసు, ముందు ఆ ‘వి’ ఎందుకు? సెకనుకు పదికి మించితే చెవి వాటిని గుర్తించలేదని మాస్టారు చెప్పారట. మరి అప్పుడు ఏమి వినబడుతుంది? మా రొయ్యల చెరువు మీద రెండు ఏరేటర్లు కలిసి తిరిగేటప్పుడు హోరు పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. అదీ ఇదేనా?

అమలాపురం నుంచి ఒక సభ్యురాలు:
చాలా మంచి ప్రశ్నండీ. స్పందించడమంటే అదరడం, కొట్టుకోవడం. ‘వి’ దాన్ని గట్టిపరుస్తుంది. 256, 260 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి మోగితే మనకు 258 దగ్గర ఒకే స్వరం వినబడుతుంది, అది సెకనుకు నాలుగుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఈ ఉబ్బి తగ్గడాలే విస్పందనాలు. ఆ ఉబ్బు నిజంగా గాలిలోనే ఉంది, మైకు పెట్టినా పట్టుకుంటుంది.

పదికి మించితే చెవి గుర్తించలేదన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. లెక్కపెట్టలేదు, అంతే. తేడా ఇరవై, ముప్పై అయ్యేసరికి అది గరగరగా మారుతుంది. శ్రుతి కలవలేదని మనం ముఖం చిట్లించేది ఎక్కువగా ఈ గరగరకే. 1863లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ అపస్వరానికి చెప్పిన కారణం ఇదే. తేడా ఇంకా పెరిగితే కర్ణావర్తంలో (లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో) రెండు స్వరాలూ వేర్వేరు చోట్ల పొరను కదిలిస్తాయి, అప్పుడు గరగర పోయి రెండు స్వరాలు విడివిడిగా వినబడతాయి. గాలిలో జరిగేది మాత్రం మొదటి నుంచి చివరి దాకా అదే కూడిక. మారింది చెవి తీర్పు.

మా ఊళ్లో పద్యనాటకాలకు వాయించే హార్మోనియం బాగుచేసే పెద్దాయన దగ్గర కూర్చుని చూశాను. ఒకే స్వరానికి రెండు రీడ్లున్న పెట్టె అది. రెండూ కలిపి మోగించి, ఊగుడు ఎంత వేగంగా ఉందో వింటారు. రీడు కొన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. ఊగుడును బట్టి తేడా ఎంతో తెలుస్తుంది కానీ ఏ రీడు హెచ్చో తెలియదు. అందుకే కొంచెం గీకి మళ్లీ వింటారు. ఊగుడు నెమ్మదిస్తే దారి సరైనదే. శృతిదండానికి (కొడితే ఒకే స్వరం పలికే ఇనుప కవ్వానికి) మైనం అంటించి స్వరం తగ్గించే పాఠ్యపుస్తకం లెక్కలో పిల్లలు కాగితం మీద చేసేదీ ఇదే పని.

పంచమానికీ ఇదే పద్ధతి. షడ్జం 240 హెర్ట్జ్ అయితే దాని మూడో అనుస్వరం, అంటే దానితో పాటే మోగే మూడింతల స్వరం, 720, పంచమం 360కి రెండో అనుస్వరం 720. పంచమం 361 దగ్గర నిలిస్తే పైన 722, 720 కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. తంబూరా శ్రుతి చేసేవాళ్లు వెతికేది ఆ ఊగుడునే.

హెడ్‌ఫోనులో ఒక చెవికి ఒక స్వరం, రెండో చెవికి ఇంకో స్వరం పంపితే గాలిలో అవి కలవవు. అయినా కింది స్థాయి స్వరాల్లో ఊగుడు లీలగా వినబడుతుంది. దీన్ని 19వ శతాబ్దంలో గమనించినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు డోవ్. ఆ ఊగుడు పుట్టేది మెదడు కాండంలో. దానికీ విస్పందనమనే పేరే వాడుతున్నాం. అక్కడ ‘ద్విశ్రవణ’ (రెండు చెవులతో వినే) అని విశేషణం చేర్చడం తప్పనిసరి అని నా మాట.

ఏరేటర్ల సంగతి: నిమిషానికి 1500 చుట్ల లెక్కతో చేసిన మోటారు బరువు పడితే 1440 దగ్గర తిరుగుతుంది, ఏ రెండూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు. ఒకదాన్ని కాసేపు ఆపి వినండి. హోరు సమంగా ఉంటే మీరు విన్నది విస్పందనమే.