సిట్రా హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వుల్లో ఒక రకం) ఒక్కటే వేసి పేల్ ఏల్ బీరు చేసినవాళ్లు ఉన్నారా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచే మనవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఇన్నాళ్లూ క్యాస్కేడ్ అనే రకం హాప్స్‌తోనే చేస్తున్నా. ఆ పంపరపనస వాసన ఇష్టమే గానీ, ఈసారి 19 లీటర్లూ సిట్రాతో చేద్దామని ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో పండిన సిట్రా పెల్లెట్లు (పొడి చేసి నొక్కిన గుళికలు) తెచ్చి ప్యాకెట్ విప్పితే మామిడి, నిమ్మ, కొంచెం లిచీ వాసన. ఇక్కడి సూపర్‌మార్కెట్ మామిడిపండ్లకి కూడా ఇంత వాసన ఉండదు!

సందేహమల్లా చేదు గురించే. క్యాస్కేడ్ ప్యాకెట్ మీద ఆల్ఫా యాసిడ్లు (చేదునిచ్చే పదార్థాలు) 5.5 శాతం, దీని మీద 12.5. లెక్క ప్రకారం 60 నిమిషాల మరుగుకి సగం కంటే తక్కువ చాలు. కానీ సిట్రా మొదట్లోనే వేస్తే చేదు గరుగ్గా వస్తుందని కొందరంటారు. చేదుకి మ్యాగ్నమ్ అనే ఇంకో రకం హాప్స్ వేసి, సిట్రా అంతా పొయ్యి ఆపాక 80 డిగ్రీల దగ్గర వేయమంటారు. ఎక్కువసేపు మరిగితే వాసనంతా ఆవిరైపోతుంది కదా, ఇంత ఖరీదైన హాప్స్‌ని అలా తగలేయడం నాకూ ఇష్టం లేదు.

డ్రై హాపింగ్‌కి (అంటే మరిగించకుండా, పులిసే బీరులో హాప్స్ నానబెట్టడానికి) 60 గ్రాములు సరిపోతాయా? మూడు రోజులుంచాలా, వారమా? మొజాయిక్ హాప్స్ కలపమని మాత్రం చెప్పకండి, ముందు సిట్రా ఒక్కదాని రుచి తెలియాలి.