ఎల్ఈడీతోనే ఎండను కొలిస్తే పేటెంట్ వస్తుందా?

నమస్కారమండీ. మాది అనంతపురం. బెంగళూరు పీణ్యలో చిన్న షెడ్డులో ఎల్ఈడీ బోర్డులు చేస్తుంటాను.

సాయంత్రం నాలుగింటికి బోర్డు మీద సగం ఎండ, సగం నీడ. ఎండవైపు అంకెలు వెలిసిపోయినట్టుంటాయి. మొత్తం వెలుగు పెంచితే నీడవైపు కళ్ళు చెదురుతాయి. పక్కన బిగించే ఒక్క సెన్సర్‌కి ఈ తేడా తెలియదు.

వెలగని ఎల్ఈడీ మీద ఎండ పడితే సన్నగా కరెంటు పుడుతుంది. వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి కదా, ఆ మధ్య విరామంలో ఆరిన ఎల్ఈడీలతోనే ఎండను కొలిచి, ఎండ ఉన్నచోటే వెలుగు పెంచేలా చేశాను. మొదట్లో పక్క ఎల్ఈడీ వెలుగునే ఎండ అనుకునేది. అది సరిచేయడానికే ఆరు నెలలు పట్టింది.

నా టెన్షన్ ఏంటంటే, ఎల్ఈడీ వెలుతురును పసిగడుతుందని 1970ల నుంచే తెలుసు. ఆటో బ్రైట్‌నెస్ దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్లోనూ ఉంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, దేని పని అది చేసుకుంటుంటే ఆవిష్కరణ కాదని పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) అంటోంది. నా దాంట్లో ఒకే ఎల్ఈడీ రెండు పనులూ చేస్తోంది, కాబట్టి అది దాటొచ్చనుకుంటున్నా. అసలు భయం సెక్షన్ 2(1)(జేఏ): పని తెలిసినవాడికి ఇది ఇట్టే తట్టేదేనా? ఆ ఆరు నెలల తిప్పలు నా వాదనకు పనికొస్తాయా?

చెన్నై గిండీ పేటెంట్ ఆఫీసు నుంచి ఇలాంటి అభ్యంతరం అందుకున్నవాళ్ళు ఏం జవాబిచ్చారో చెప్పండి. ప్రొవిజనల్ (తొలి తాత్కాలిక దరఖాస్తు) వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కి, అంటే పూర్తి వివరాల పత్రానికి, 12 నెలలు టైముంటుంది. ఒక కస్టమర్ వచ్చే వారమే కొట్టు ముందు శాంపిల్ పెట్టమంటున్నారు. ముందే బయటపెడితే పేటెంట్‌కి అడ్డమవుతుందేమోనని భయం. దరఖాస్తు వేసేదాకా ఆగమననా?