జర్మనీ యుద్ధంలో బస్రాలో పోయిన సిపాయి వివరాలు ఎలా తెలుస్తాయి? (దర్శి దగ్గరి ఊరు)

దర్శి_వాసి:
మా జేజినాయన వాళ్లన్న మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. "బస్రాలో పోయాడు" అనే మాట ఒక్కటే మిగిలింది, అంటే ఇప్పటి ఇరాక్‌లో. ట్రంకుపెట్టెలో రెండు వస్తువులున్నాయి. ఒకటి వెండి పతకం, ఒకవైపు రాజు తల, వెనక గుర్రం మీద మనిషి. రెండోది అరచేతి కన్నా పెద్ద కంచు బిళ్ల, దాని మీద ఆయన పేరు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో ప్రకాశం అని కొడితే ఒక్కరూ రాలేదు, పేరు కొడితే అదే పేరుతో బోలెడంత మంది వచ్చారు. ఆయనది ఏ పటాలం, ఎప్పుడు పోయాడు అన్నది తేల్చే దారుందా?

నాణేలపెట్టె:
ముందు ఒక మాట. ఆ రెండింటినీ చింతపండుతో గానీ బూడిదతో గానీ తోమొద్దు. ఇప్పటికే ఎవరైనా తోమి ఉంటే ఇంకోసారి అసలొద్దు.

మీక్కావలసింది వెండి పతకం అంచు మీద ఉంది. అది 36 మిల్లీమీటర్ల బిళ్ల. దాని మందం చుట్టూ సన్న అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, దళం వరసగా అచ్చు కొట్టి ఉంటాయి. చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి, బిళ్లను మెల్లగా తిప్పుతూ ఫోన్లో ఏడెనిమిది ఫొటోలు తీయండి. అయినా చదవరాకపోతే అంచు మీద పల్చని కాగితం చుట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. గొలుసు కోసం కొక్కెం అతికించినచోట కంసాలి టంకం ఒకటి రెండు అక్షరాలను మింగేసి ఉండొచ్చు.

కంచు బిళ్ల చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చింది. అడ్డంగా 12 సెంటీమీటర్లు, బొమ్మలో సింహం ఉంటుంది. అందరూ దాన్నే పట్టుకుని కూర్చుంటారు గానీ, కావాలనే దాని మీద హోదా, నంబరు, దళం వేయలేదు. ఒట్టి పేరే.

పాతతాలూకాలు:
ప్రకాశం అని వెతికితే ఎలా దొరుకుతాడు? జిల్లా ఏర్పడింది 1970లో, ఆ పేరు పెట్టింది 1972లో. 1914 నాటికి దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు నెల్లూరు జిల్లా. ఒంగోలు గుంటూరులో ఉంది. మార్కాపురం, కంభం కర్నూలు. మీకు నెల్లూరు, మద్రాసు అని వెతకాలి.

పేరు కన్నా ఊరితో వెతకడం మేలు. చాలా ఎంట్రీల్లో "అదనపు సమాచారం" అనే గడిలో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉంటాయి. స్పెల్లింగు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలాగ. "అయ్య"తో ముగిసే పేరుకు ఒకచోట ఐ-ఏ-హెచ్, ఇంకోచోట వై-వై-ఏ ఉంటుంది. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. క్రైస్తవ కుటుంబమైతే బాప్తిస్మం పేరుతో కూడా చూడండి, ఊళ్లో పిలిచే పేరు దళంలో లేకపోవచ్చు.

పంచాయతీలో మరణాల రిజిస్టరు కోసం తిరగొద్దు. విదేశంలో పోయినవాడు మీ ఊరి పుస్తకంలోకి ఎక్కడు.

దర్శి_వాసి:
టార్చి వేసి చూశాను. నంబరు పూర్తిగా కనబడింది. ఆ తర్వాత ఎస్-పి-ఆర్, పేరు, చివర "2 క్యు.వి.ఓ. ఎస్. అండ్ ఎం." అని ఉంది.

నాణేలపెట్టె:
అయితే ఆయన సిపాయి కాదు, శాపర్. 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్, అంటే బెంగళూరు మద్రాసు శాపర్లు. వంతెనలు, బాటలు, కందకాలు వాళ్ల పని. అక్కడి టైగ్రిస్ నది మీద పడవలు వరసగా కట్టి పైన పలకలు పరిచి ఫిరంగుల్ని దాటించడం అన్నమాట. మరణ తేదీ దొరికాక ఒకసారి చూసుకోండి. 1917 ఫిబ్రవరి 23 అయితే షుమ్రాన్ మలుపు దగ్గర నది దాటిన రోజు. ఎండాకాలం నెలల్లో పడితే తుపాకీ గుండే అనుకోవద్దు, అక్కడ కలరా, విరేచనాలు, వడదెబ్బ చాలామందిని తీసుకుపోయాయి.

పాతతాలూకాలు:
సైట్‌లో ఇప్పుడు పేరు గడి ఖాళీగా వదిలి, నంబరు మాత్రం వేసి మొదటి ప్రపంచ యుద్ధం ఎంచుకోండి. అదే నంబరు వేరే దళాల్లోనూ ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్లలో శాపర్స్ అండ్ మైనర్స్ వాణ్ణి ఏరుకోవాలి. స్మారకం దగ్గర "బస్రా మెమోరియల్" అని వస్తే, ఆయన సమాధి ఎక్కడుందో తెలియదని అర్థం. ఆయన బస్రా ఊళ్లోనే పోయాడని కాదు.

ఇంకోటి, అక్కడికి పోయినా గోడ మీద పేరు చూడలేరు. ఆ స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గానీ, మామూలు సైనికుల్ని దళానికి ఇంతమంది అని అంకెల్లో తేల్చేశారు. కమిషన్ 2021లో దీనికి క్షమాపణ చెప్పింది. పేర్లు మాత్రం వాళ్ల రికార్డుల్లో ఉన్నాయి. ఎంట్రీ దొరికాక దాన్ని ప్రింటు తీసి, అంచు ఫొటోలు జతచేసి, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాసు శాపర్ల ఇప్పటి పేరు) రికార్డ్స్‌కు రాయండి. ఉత్తరం మొదటి వరుసలోనే నంబరు ఉండాలి, చుట్టరికం తర్వాత.