కీమో వాంతులా, దారి మూసుకుపోయిందా?

మారతహళ్లి_రమణ: నాన్నగారికి 67 ఏళ్లు, ప్యాంక్రియాస్ తలభాగంలో క్యాన్సర్. బెంగళూరులోనే జెమ్‌సైటబిన్, నాబ్‌పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఎక్కిస్తున్నారు. ఈ మధ్య రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం వాంతిలో అలాగే వస్తోంది. వాంతుల మందు ఆన్‌డాన్సెట్రాన్‌కి ఆగట్లేదు. పెరినార్మ్ వేయొచ్చా?

పేగుల_డాక్టర్: వద్దండీ. పెరినార్మ్ పొట్టను గట్టిగా పిండుతుంది. ముందు దారే లేకపోతే ఆ పిండడం ప్రమాదం. గంటల తర్వాత అరగని తిండి బయటికి రావడం కీమో లక్షణంలా లేదు. డుయోడినం, అంటే చిన్నపేగు మొదలు, ప్యాంక్రియాస్ తలను చుట్టుకునే ఉంటుంది. గడ్డ నొక్కినా, పేగు గోడలోకి పాకినా మూసుకుంటుంది. వాంతిలో పసరు, అంటే పచ్చటి పైత్యరసం, ఉందా? అసలు లేకపోతే అడ్డు పైత్యనాళం తెరుచుకునే చోటికి పైనే ఉండొచ్చు.

ఈ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, నోటితో ఏమీ పెట్టకండి. ముక్కుగొట్టం వేసి పొట్ట ఖాళీ చేస్తారు. వాంతుల్లో ఆమ్లం పోయి పొటాషియం, క్లోరైడ్ పడిపోతాయి. వాటిని సెలైన్‌తో సరిచేశాకే ఎండోస్కోపీ. కీమోలో ఉన్నారు కాబట్టి తెల్లకణాల లెక్క కూడా అడగండి. జ్వరముంటే వెళ్లగానే ఆ మాటే ముందు చెప్పండి.

స్టెంట్_సిస్టర్: సీటీ తర్వాత మాట స్టెంటా, బైపాసా అన్నదాని మీదికి వస్తుంది. స్టెంట్ అంటే దారిని తెరిచి ఉంచే జాలీ గొట్టం. మెటల్ స్టెంట్ విప్పుకుంటే సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పు. ఒకట్రెండు రోజుల్లో జావ తాగొచ్చు, కీమో పెద్దగా ఆగదు. కానీ జాలీలోంచి గడ్డ పెరిగి మళ్లీ మూసుకోవచ్చు. బైపాస్, అంటే పొట్టను కిందిపేగుకి కలిపే ఆపరేషన్, ఎక్కువ కాలం నిలుస్తుంది, కోలుకోవడం మాత్రం నిదానం. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తోనే ఆ కలిపే పని చేసే చోట్లూ ఉన్నాయి, అడిగి చూడండి.

రెండు విషయాలు మర్చిపోవద్దు. కామెర్లు ఉంటే పైత్యనాళం సంగతి ముందు తేల్చాలి. డుయోడినంలో స్టెంట్ పడ్డాక ఆ నాళం ద్వారం జాలీ వెనకపడి అందడం కష్టం. కడుపు పొరలో గడ్డలు పాకి పేగు పలుచోట్ల మూసుకుంటే, ఒక్క స్టెంట్‌తో లాభం తక్కువ.

రమణ: నొప్పికి మార్ఫిన్ కూడా ఉంది. దానివల్లేనా?

పేగుల_డాక్టర్: మార్ఫిన్‌తో, ఆ మాటకొస్తే ఆన్‌డాన్సెట్రాన్‌తోనూ, మలబద్ధకం వస్తుంది. అరగని తిండి వాంతి అవడానికి అదొక్కటే చాలదు. ఈసబ్గోల్ మాత్రం పొయ్యకండి, ఇరుకు దారిలో ఉబ్బి అడ్డుపడుతుంది.

వంటింటి_డైటీషియన్: స్టెంట్ తర్వాత మొదట నీళ్లు, మజ్జిగ, పలచటి పెసరకట్టు. ఆపైన మెత్తటి అన్నం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. మునక్కాయ, గోంగూర, తోటకూర, కమలా తొనల పొర వద్దు, జాలీలో చిక్కుకుంటాయి. క్రియాన్ (తిండి అరగడానికి ఇచ్చే ఎంజైమ్ మందు) రాసి ఉంటే తిండి మొదట్లోనూ మధ్యలోనూ వేయాలి. తిన్నాక వేసేలా వాయిదా వేయొద్దు.