బడి ముందు స్టేట్ హైవే మలుపు: భద్రతా పనులకు నిధులు ఎవరిని అడగాలి?

పల్నాటి దారి:
మాది పల్నాడు జిల్లాలో ఒక పంచాయతీ. స్టేట్ హైవే ఊరి మధ్య నుంచే పోతుంది. ఒక పక్క హైస్కూలు, రెండో పక్క ఊరు. మలుపు తిరగ్గానే రెండు లింకు రోడ్లు వచ్చి కలుస్తాయి. సున్నపురాయి లారీలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. స్పీడ్ బ్రేకర్లు, హైమాస్ట్ లైటు (ఎత్తు స్తంభం మీది పెద్ద దీపాలు), హెచ్చరిక బోర్డులు కావాలి. సర్పంచ్ గారేమో డబ్బుల్లేవంటారు, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లేమో ప్రపోజల్ పెట్టమంటారు. ప్రపోజల్లో ఏం రాయాలి? రోడ్డు భద్రతకని విడిగా గ్రాంటు ఏమైనా ఉందా?

కిలోమీటరురాయి:
ఊరివాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకుంటే డబ్బులొచ్చే గ్రాంటు లేదండీ. ఏ నిధి అయినా రోడ్డు ఎవరిదో ఆ శాఖ ద్వారానో, వాళ్ల అనుమతితోనో రావాలి. మీ పని ఆ శాఖ కాదనలేనంత పక్కాగా కాగితాలు తయారుచేయడం.

ముందు కిలోమీటరు రాయి చూడండి. పైభాగం పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే స్టేట్ హైవే, నారింజైతే గ్రామీణ రోడ్డు. స్టేట్ హైవే అని అందరూ అనుకునేవి ఈమధ్య జాతీయ రహదారులుగా మారిన చోట్లు చాలా ఉన్నాయి. అప్పుడు ఆఫీసే వేరు.

తర్వాత ప్రమాదాల లెక్క. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్‌కు, అంటే పదేపదే ప్రమాదాలు జరిగే చోటుకు, కేంద్రం వాడే కొలమానం ఇది: సుమారు 500 మీటర్ల ముక్కలో గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో చావో తీవ్ర గాయమో ఉన్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా మరణాలు 10 ఉండాలి. మీది స్టేట్ హైవే అయినా ఈ లెక్క పెట్టి అడిగితే అధికారులకు వెంటనే అర్థమవుతుంది.

ఊళ్లో చెప్పుకునే లెక్కకు విలువ లేదు, ఎఫ్ఐఆర్ లెక్కే లెక్క. జిల్లా ఎస్పీ ఆఫీసులోని సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. "ప్రమాదాల వివరాలు ఇవ్వండి" అని ఊరికే రాస్తే పనికిరాని జవాబు వస్తుంది. స్టేషన్ పేరు, రోడ్డు పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా అన్నది రాసి, ఐపీసీ 304ఎ (మరణం), 338 (తీవ్ర గాయం) సెక్షన్ల కేసులు, 2024 జులై 1 తర్వాతవైతే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 106(1), 125(బి) కేసులు అడగండి. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, స్థలం, మృతులు, తీవ్ర గాయాలు విడివిడి గడుల్లో కావాలనండి. జవాబుకు గడువు 30 రోజులు.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. రాజీ చేసుకుని కేసు పెట్టని ప్రమాదం లెక్కలోకి రాదు. కేసు పెట్టినా స్థలం దగ్గర "గ్రామ శివారు" అని రాసి ఉంటే 500 మీటర్లలో ఉందో లేదో తేలదు. ఇప్పుడు పోలీసులు ప్రమాదాల వివరాలు ఎక్కించే ఈ-డార్ యాప్‌లో జీపీఎస్‌తో స్థలం నమోదు చేస్తున్నారు కాబట్టి ఆ అక్షాంశ రేఖాంశాలు కూడా అడగండి.

ట్రాక్టర్‌తోలుడు:
ఇంత అవసరమా? రెండు ట్రాక్టర్ల కంకర, నాలుగు డబ్బాల తారు, ఒక రాత్రి పని. మా పక్క చాలా ఊళ్లలో ఇలాగే వేసుకున్నారు.

గీతలపెయింటు:
అలా వేసినవాటి మీదే బైకులు ఎగిరిపడేది. పైగా స్టేట్ హైవే మీద అనుమతి లేకుండా కట్ట వేస్తే, దాని వల్ల ఎవరైనా చనిపోతే కేసు ఆ కట్ట వేసినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

ఐఆర్సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 99వ ప్రమాణం ప్రకారం హంపు, అంటే స్పీడ్ బ్రేకర్, 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రటి వంపు ఉండాలి. 7 మీటర్ల వెడల్పు రోడ్డుకు తారు కలిపిన కంకర సుమారు 1.75 ఘనపు మీటర్లు పడుతుంది. ఊళ్లలో వేసేది అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. అది బ్రేకర్ కాదు, గోడ. హంపుకు 40 మీటర్ల ముందు బోర్డు, మీద తెలుపు-నలుపు పట్టీలు కూడా ఉండాలి.

ఇంతకీ మీకు హంపు కావాల్సింది హైవే మీద కాదు. వేగంగా పోయే పెద్ద రోడ్డులో చిన్న రోడ్డు కలిసే చోట హంపు చిన్న రోడ్డు మీద వేయమంటుంది ఐఆర్సీ. కాబట్టి రెండు లింకు రోడ్ల మీద హంపులు అడగండి. హైవే మీద అడ్డ గీతల పట్టీలు, మలుపు బోర్డులు, బడి బోర్డులు, రాత్రి మెరిసే రోడ్ స్టడ్లు అడగండి. గీతలు థర్మోప్లాస్టిక్ (కరిగించి పోసే రకం) అని, 2.5 మి.మీ. మందం అని, గాజు పూసలు చల్లాలని ఎస్టిమేట్లో పడేలా చూసుకోండి. మామూలు పెయింటైతే లారీల కింద నెలల్లో అరిగిపోతుంది. దుమ్ము ఊడ్చకుండా, తడి రోడ్డు మీద పోస్తే థర్మోప్లాస్టిక్ కూడా పెచ్చులుగా లేచిపోతుంది. పని రోజున ఎవరైనా దగ్గరుండాలి.

పల్నాటి దారి:
హంపుల సంగతి తెలిసొచ్చింది. మరి డబ్బు?

కిలోమీటరురాయి:
పనిని ముక్కలు చేయండి. గీతలు, బోర్డులు ఆర్ అండ్ బీ నిర్వహణ నిధుల్లోంచే రావాలి, అది వాళ్ల బాధ్యత. లింకు రోడ్లు పంచాయతీవైతే హంపులకు ఆర్థిక సంఘం నిధుల్లో అన్‌టైడ్ వాటా, అంటే ఫలానా పనికే అని కట్టేయని వాటా, వాడొచ్చు. 2026 మార్చి వరకు నడిచిన 15వ ఆర్థిక సంఘం కాలంలో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికి కట్టేసి ఉండేది, మిగతా 40 శాతమే అన్‌టైడ్. పని పంచాయతీ ప్రణాళికలో ఎక్కితేనే బిల్లు అవుతుంది. గ్రామసభ తీర్మానం లేకుండా తర్వాత దూర్చడం కష్టం.

హైమాస్ట్ లైటుకు ఎంపీ ల్యాడ్స్ (ఎంపీ స్థానిక అభివృద్ధి నిధులు) మంచి దారి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, కానీ మరమ్మతులకు పనికిరావు, నిలిచే ఆస్తికే ఇస్తారు. ఎంపీ సిఫార్సు లేఖ ఒక్కటే చాలదు. రోడ్డు హద్దులో స్తంభం పాతడానికి ఆర్ అండ్ బీ నిరభ్యంతర పత్రం, కరెంటు బిల్లు మేమే కడతామని పంచాయతీ తీర్మానం జతచేయండి. ఈ రెండో కాగితాన్ని తేలిగ్గా తీసుకున్న చోట లైటు నిలబడుతుంది గానీ వెలగదు.

లారీలు గనులవే అంటున్నారు కాబట్టి జిల్లా ఖనిజ నిధిని వదలకండి. 2024 మార్గదర్శకాల్లో గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా తీసుకుంటారు, రోడ్లు కూడా అనుమతించిన పనుల్లో ఉన్నాయి. ఫుట్‌పాత్, జంక్షన్ వెడల్పు లాంటి పెద్ద ఖర్చు అక్కడ అడగండి.

పల్నాటి దారి:
ఎస్టిమేట్ మేమే వేయించుకోవాలా?

గీతలపెయింటు:
ప్రైవేటు ఇంజనీరుతో వేయించకండి, చెల్లదు. ఆ రోడ్డు శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం వేయాలి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి రెండూ దాని మీదే నడుస్తాయి. ఏఈ కదలాలంటే పైనుంచి రాత రావాలి. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఎజెండాలో పెట్టమని అందులోనే రాయండి. ఆ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే, ఆర్ అండ్ బీ, పోలీసు, రవాణా అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. ఎఫ్ఐఆర్ పట్టిక, కిలోమీటరు రాయి కనిపించేలా పగలు తీసిన ఫొటో, అదే చోట రాత్రి ఫొటో, చేత్తో గీసిన జంక్షన్ పటం జతచేస్తే చాలు. సమావేశం అయ్యాక మినిట్స్ (నిర్ణయాల రికార్డు) నకలు తీసుకోండి. అందులో మీ జంక్షన్ పక్కన శాఖ పేరు, గడువు తేదీ లేకపోతే తర్వాతి సమావేశానికి మళ్లీ అర్జీ పెట్టాల్సిందే.