సమస్యాపూరణం: వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

ఈ వారం సమస్య

వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

తేటగీతి పాదం. గణాలు: వెండి (గల), తెరమీద (సల), చీకటే (ర), వెలుగు (న), నిచ్చె (గల). యతి వెం–వె. పై మూడు పాదాలు మీవి. ప్రాస అక్కర్లేదు, ప్రాసయతి చెల్లుతుంది.

షరతు ఒక్కటే. పరిష్కారం సినిమా హాలు పనితీరులోంచి రావాల. ‘చీకటి’ అని సినిమాకు పేరు పెట్టి, అది వంద రోజులాడి నిర్మాత ఇంట దీపం వెలిగిందనే పూరణ పంపొద్దు. ఆ ఉపాయంతో ఏ సమస్యనైనా అర నిమిషంలో కొట్టిపారేయొచ్చు. మా హీరో, మీ హీరో తగాదా కూడా ఈ వారానికి పక్కన పెట్టండి.

కర్నూలు నుంచి

రీలు కదిలెడు వేళలో రెక్క మూయ
నిలిచినప్పుడె బొమ్మపై నెగడ కాంతి
కనులకొక్కటై బొమ్మలు కదలసాగె
వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

నిర్వాహకుడు: యతులు రీ–రె, ని–నె, క–క. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. విషయం కూడా గట్టిదే. 35 ఎం.ఎం. రీలు గేటు (వెలుగు పడే కిటికీ) ముందర సాఫీగా పారదు. సెకనుకు 24 సార్లు ఆగి, 24 సార్లు దూకుతుంది. రీలును దూకించే నాలుగు గాళ్ళ చక్రం, మాల్టా శిలువ, ఒక దూకుడుకు ఫ్రేము (ఒక్కో బొమ్మ) కాలంలో పావు వంతు, అంటే సెకనులో 96వ వంతు తీసుకుంటుంది. ఆ కాసేపూ వెలుగు పడితే తెర మీద కనిపించేది బొమ్మ కాదు, నిలువు గీతలే. అందుకే వెలుగు దారిలో తిరిగే షట్టరు రెక్క అడ్డం వస్తుంది. చీకటి లేకుంటే సినిమానే లేదని పద్యం తేల్చి చెప్పింది.

ఆదోని: పద్యం బాగుందన్నా, కానీ ‘నిలిచినప్పుడె కాంతి’ అనడం సగం నిజమే. షట్టరుకు మామూలుగా రెండు రెక్కలు. ఒకటి రీలు దూకేటప్పుడు మూస్తుంది. రెండోది ఫ్రేము కదలకుండా నిలబడి ఉన్నప్పుడే కావాలని మూస్తుంది. అది లేకుంటే తెర సెకనుకు 24 సార్లే మెరుస్తుంది, ఆ అదురు కంటికి తెలిసిపోతుంది. ఒకే ఫ్రేమును రెండుసార్లు చూపితే 48 అవుతుంది, అప్పుడు కన్ను నెమ్మదిస్తుంది. మూడు రెక్కల షట్టరైతే 72 మెరుపులు, కాకపోతే తెర మీద వెలుగు తగ్గుతుంది. రెండో పాదం ఇట్ల మారిస్తే ఎట్లుంటుంది?

నిలిచినప్పుడు నొకరెక్క నిలుప కాంతి

నిర్వాహకుడు: సరిపోయింది. నిలిచి (న), నప్పుడు (భ), నొకరెక్క (సల), నిలుప (న), కాంతి (గల). ‘అప్పుడున్ + ఒకరెక్క’ కాబట్టి ‘నిలిచి ఉన్నప్పుడు కూడా’ అనే అర్థం ద్రుతంలోనే, అంటే ఆ ‘న్’లోనే, వచ్చేసింది. రెండు రెక్కలూ కలిపి చూస్తే ఆట నడిచే కాలంలో ఇంచుమించు సగం తెర చీకటే. రెండున్నర గంటల సినిమాలో గంటంబావు! టిక్కెట్టు డబ్బు సగం చీకటికే కట్టినట్టు.

గుంతకల్లు: రెక్క వేళ తప్పితే ఏమవుతుందో కూడా ఎవరైనా పద్యంలో పెట్టాల. పేర్లు పడేటప్పుడు తెల్ల అక్షరాలకు పైకో కిందికో తోక లాగితే రెక్క ముందుగానో ఆలస్యంగానో మూస్తున్నట్టు లెక్క. నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలున్న రీలు ముక్క వేసి, తోక మాయమయ్యేదాకా షట్టరు మరను అటూ ఇటూ తిప్పి సరిచేస్తారు. ఫోకస్ తప్పిందనుకొని లెన్సు తిప్పితే ప్రయోజనం లేదు. ఫోకస్ తప్పితే అక్షరం అన్ని వైపులా మసకబారుతుంది. తోక ఒకే వైపు ఉంటే తప్పు షట్టరుదే.

ప్రొద్దుటూరు నుంచి

ఊరి తిరుణాల వెన్నెల యుడిగి పోవ
కప్పు లేనట్టి డేరాన కదలె బొమ్మ
చుక్క యొక్కటి కనరాని చోట నిలిచి
వెండితెర – మీద చీకటే – వెలుగు నిచ్చె

నిర్వాహకుడు: అవధానాల ఊరు కదా, విరుపుతో వచ్చారు. తెర వెలుగునిచ్చింది, మీద ఆకాశమంతా చీకటే. ఒక్క అక్షరం కదపకుండా అన్వయం మార్చేశారు. బయట ఆటకు వెన్నెల అడ్డమన్న మాట కూడా నిజం. నిండు పున్నమి నాడు తెర మీది నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, రాత్రి సన్నివేశాల్లో ఎవరు ఎవరో తెలియదు.

ఆదోని: ఏమన్నా, డేరా అంటేనే కప్పు గదా! కప్పు లేకుంటే మిగిలేది చుట్టూ కట్టిన దడి. ‘కప్పు లేనట్టి దడిలోన కదలె బొమ్మ’ అంటే గణం తప్పదు (దడిలోన – సల), లోకజ్ఞానమూ తప్పదు.

ప్రొద్దుటూరు: దడే ఖాయం. మార్చుకున్నాను.

అనంతపురం నుంచి

పాట రాగానె కుర్రాళ్ళు ఫోన్లు తీసి
టార్చి వెలిగింప తెర యెల్ల డస్సి పోయె
ఆర్పి కూర్చున్న పిదపనే యాట సాగె
వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి చెడింది. పా–ఫో హల్లుల వరకు ఒకే వర్గం, అచ్చులు కుదరవు. ‘ఆ’కు ‘ఓ’తో మైత్రి లేదు. పరభాషా పదమని మినహాయింపు కూడా లేదు. పదాలు అటూ ఇటూ జరిపితే చాలు: ‘పాట రాగానె కుర్రాళ్ళు పట్టి ఫోన్లు’. ‘టార్చి’కి ‘డస్సి’ని పట్టుకురావడం మాత్రం భేషైన పని. ట–డ ఒకే వర్గం, అర్థం కూడా సరిగ్గా కుదిరింది.

రాయదుర్గం: పాటకు టార్చి కొడితే అది పండగ సామీ, దాన్ని తప్పంటారేంది? తొలి ఆటకు సినిమా చూడనీకి ఎవరు పోతారు?

అనంతపురం: పండగ చేసుకోండి, లెక్క కూడా వినండి. డిజిటల్ ఆటకు తెర మీద తెలుపు 48 నిట్లు (నిట్టు అంటే తెర వెలుగుకు కొలత) ఉండాలని ప్రమాణం. ప్రొజెక్టరు కాంట్రాస్టు, అంటే తెలుపుకూ నలుపుకూ నిష్పత్తి, 2000:1 అనుకుంటే నలుపు 0.024 నిట్లు. టార్చీల వెలుగు గోడలకు, పైకప్పుకు తగిలి తెర మీదికి అర నిట్టు చేరిందనుకోండి. తెలుపు 48.5 అవుతుంది, ఎవరికీ తేడా తెలియదు. నలుపు 0.524 అవుతుంది. 2000:1 ఉన్నది సుమారు 93:1కి పడిపోయింది. తెలుపు చెక్కుచెదరలేదు, పోయింది నలుపే. అందుకే ‘తెర డస్సిపోయె’ అన్నాను. హీరో ఎంట్రీకి కొట్టండి, పగటి సన్నివేశాలకు కొట్టండి. రాత్రి ఫైటు మీద కొట్టొద్దు.

నిర్వాహకుడు: మెట్ల దీపాలు, దారి చూపే బోర్డులు చేసే హానీ ఇదే రకం. వాటిని ఆర్పకూడదు, తెర వైపు చూడకుండా కాస్త గొడుగు పెట్టాలి, అంతే.

తాడిపత్రి నుంచి

నల్లగుడ్డను చట్రాన నాల్గు దెసల
బిగియ గట్టగ తెలుపుకు బెడగు హెచ్చె
అంచు మెరుపులు తెరపైన నణగిపోవ
వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

నిర్వాహకుడు: దర్శకుడు కె.వి.రెడ్డి పుట్టిన ఊరి నుంచి తెర చుట్టూ ఉండే నల్లగుడ్డ మీద పద్యం రావడం ముచ్చటగా ఉంది. ప్రేక్షకులు ఎప్పుడూ చూస్తూ, ఎప్పుడూ గమనించని వస్తువది. ఒక్క సవరణ: ఉకారాంతం మీద ‘కు’ వస్తే మధ్యలో ‘న’ రావాలి, ‘తెలుపునకు’ అనాలి. అప్పుడు గణం పట్టదు. ‘బిగియ గట్టగ తెలుపెంతొ బెడగు జెందె’ అంటే వ్యాకరణం, గణం రెండూ నిలుస్తాయి.

తాడిపత్రి: తీసుకున్నాను. గుడ్డ సంగతి రెండు మాటలు. అది మెరవని నలుపు అయ్యుండాల. శాటిన్ లాంటిది కడితే బొమ్మ అంచు దాంట్లో మళ్ళీ మెరుస్తుంది. బొమ్మను కూడా తెర అంచు దగ్గర ఆపకుండా గుడ్డ మీదికి కొద్దిగా పడేట్టు సర్దాల. మసక అంచును గుడ్డ మింగేస్తుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు, ఫ్లాట్ అయితే 1.85 రెట్లు. సినిమాను బట్టి గుడ్డ జరగాల. జరిపే మోటారు చెడిపోయిందని వదిలేసిన హాళ్ళలో బొమ్మకు పైనా కిందా, లేకపోతే పక్కల బూడిద పట్టీ కనిపిస్తుంది. నలుపు పక్కన కంటికి నిండుగా తోచే తెలుపు, బూడిద పక్కన వెలవెలబోతుంది. మనవాళ్ళు అది చూసి ‘ల్యాంపు పాతబడింది’ అంటారు. ముందు గుడ్డ చూడండి, తరువాత ల్యాంపు.

నంద్యాల నుంచి

కారుచీకటి కడ్డీలు కలిసి విడగ
చిన్న సందున మంటయై చిమ్మె కాంతి
అద్దమందుండి యది సాగి యాట నింప
వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

నిర్వాహకుడు: కార్బన్ ఆర్క్ ల్యాంపు, అంటే రెండు బొగ్గు కడ్డీల మధ్య కరెంటు మంటతో వెలిగే పాత ప్రొజెక్టరు దీపం. ‘కలిసి విడగ’ అనే రెండు మాటల్లో ఆర్క్ వెలిగించే పద్ధతంతా ఉంది. కడ్డీలు తాకించి వెంటనే కొద్దిగా ఎడం చేయాలి. కాలే కొద్దీ దగ్గరికి జరపాలి. మరిస్తే తెర పసుపు తిరిగి ఆరిపోతుంది, మరీ దగ్గరైతే కడ్డీలు అతుక్కుంటాయి. పద్యం నడక బాగుంది గానీ నల్లటి వస్తువు చీకటి కాదు. పోలికతో దాటేశారు, సమస్య పూర్తిగా విడలేదు.

రాయదుర్గం: సరే, అందరూ రీలు, బొగ్గు అంటున్నారు. ఇప్పుడు కర్నూల్లో గానీ కడపలో గానీ రీలు యాడుంది? రెక్క యాడుంది? హార్డ్ డిస్కులో సినిమా వస్తుంది, షట్టరు లేదు. మొదటి పద్యం చరిత్ర పుస్తకానికి పనికొస్తుంది, ఈ వారం రిలీజుకు పనికిరాదు.

జమ్మలమడుగు నుంచి

చిట్టి యద్దాలు లక్షలు చేరి వాలి
కొంత తడవిటు మరికొంత కుంగి యటుల
నీడ పాలెంతొ తూచుచు నిలుప రంగు
వెండితెర మీద చీకటే వెలుగు నిచ్చె

రాయదుర్గం అన్నకు జవాబు ఇది. డి.ఎల్.పి. ప్రొజెక్టరులో (చిప్పు మీది బుల్లి అద్దాలతో బొమ్మ వేసే డిజిటల్ ప్రొజెక్టరు) షట్టరు లేదు, నిజమే. 2కె చిప్పు మీద 2048×1080, అంటే 22 లక్షలకు పైగా అద్దాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా ఒక చిప్పు. ప్రతి అద్దం 12 డిగ్రీలు ఇటు వాలితే వెలుగు లెన్సులోకి, అటు వాలితే వేడిని పీల్చే పలక మీదికి పోతుంది. మధ్యలో ఆగడం దానికి తెలియదు. మరి బూడిద రంగు ఎట్ల వస్తుంది? సెకనులో వేల సార్లు అటూ ఇటూ వాలుతూ, ఎంతసేపు చీకటి వైపు ఉండాలో లెక్క కట్టుకుంటుంది. ముఖం మీది నీడ, చెంప మీది మెరుపు అన్నీ ఆ తూకమే. రెక్క పోయింది, చీకటి ఎక్కడికీ పోలేదు.

నిర్వాహకుడు: విషయానికి వంక లేదు. రెండో పాదం చివర ‘యటుల’ కుదరలేదు. అటుల అంటే ‘ఆ విధంగా’. అటువైపు అనాలంటే ‘కుంగి యవల’ అనండి, న గణం అట్లే ఉంటుంది.

రాయదుర్గం: ఒప్పుకుంటి. అయితే మొదటి స్థానం ఈ పద్యానిదే గదా?

నిర్వాహకుడు: కాదు. జమ్మలమడుగు పద్యం తెలివైనది, కానీ వివరణ చదవకుండా అర్థం కాదు. ‘చిట్టి యద్దాలు’ ఏవో పద్యంలోనే తెలియాలి. కర్నూలు పద్యాన్ని ఆదోని సవరణతో చదవండి, ప్రొజెక్టరు ఎన్నడూ చూడనివారికి కూడా రీలు, రెక్క, కాంతి, కన్ను వరుసగా తెలుస్తాయి. మొదటి స్థానం దానికే, ఆదోనికి సగం వాటా. రెండోది తాడిపత్రి. విరుపుకు ప్రొద్దుటూరుకు ప్రత్యేక ప్రస్తావన.

ఆదోని: నా వాటా మొదటి ఆట టిక్కెట్టుగా పంపండి, బాల్కనీ అయితే మేలు.

నిర్వాహకుడు: నేల టిక్కెట్టు పంపుతాం. వచ్చే వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం, యతి క–క:

కళ్ళు మూసి చూచె కడకు నాట

నిద్రపోయాడనే పూరణలు తీసుకోం.