అప్‌డేట్: స్టాన్లీని స్టెల్లా వదిలేసిందా?

టెనెసీ విలియమ్స్ నాటకం ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లో స్టెల్లా చివరికి భర్త స్టాన్లీని వదిలేస్తుంది కదా, మరి అందరూ ఆమెను బలహీనురాలంటారెందుకని పోయిన నెల అడిగాను. పొరపాటు నాదే. నేను చూసింది 1951 నాటి సినిమా. అందులో ఆమె ఇక తిరిగి రానంటూ బిడ్డతో పై వాటాకు వెళ్లిపోతుంది. మీరు చెప్పినట్టే నాటకం చదివాను. అక్కడ ఆమె ఎక్కడికీ వెళ్లదు. అక్క బ్లాంచ్‌ను పిచ్చాసుపత్రికి తీసుకుపోతుంటే వెక్కి వెక్కి ఏడుస్తుంది, స్టాన్లీ పక్కన మోకరిల్లి ఓదారుస్తాడు. లోపల పేకాట సాగుతూనే ఉంటుంది!

పేకాట రాత్రి దృశ్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. స్టాన్లీ రేడియోను కిటికీలోంచి విసిరేస్తాడు, కడుపుతో ఉన్న భార్యను కొడతాడు, కాసేపటికి మెట్ల కింద నిలబడి తప్పిపోయిన పిల్లవాడిలా ఆమె పేరు పెట్టి అరుస్తాడు. ఆమె దిగి వస్తుంది. మన సామెతలో మొగుడు కొట్టినప్పుడు నవ్వడానికి తోడికోడలైనా ఉంటుంది. ఇక్కడ నవ్వేవాళ్లే లేరు, పై వాటాలో ఉండే యూనిస్ కాపురంలోనూ ఇవే దెబ్బలు.

స్టాన్లీ పోలిష్ మూలాలను బ్లాంచ్ ఎగతాళి చేసినప్పుడు అతని కోపం నాకు న్యాయంగానే తోచింది. కానీ స్టెల్లా ప్రసవానికి ఆసుపత్రిలో ఉన్న రాత్రి అతను బ్లాంచ్‌పై చేసిన అత్యాచారం చదివాక ఆ కాస్త జాలీ పోయింది. 1947లో రంగస్థలం మీద మార్లన్ బ్రాండో ఈ పాత్రను ఎలా ఆడాడో చూడలేకపోయానన్న దిగులు మాత్రం మిగిలింది.